బీరువాలో బంగారం, దొడ్లో ట్రాక్టరు



ప్రసంగం పేరు వినగానే "ట్రాక్టరుకూ మనకూ ఏం సంబంధమమ్మా, పంటల కార్యక్రమంలోకి వెళ్లాల్సినావిడ దారి తప్పి ఇటు వచ్చిందా?" అని మీలో కొందరు రేడియో కట్టేయడానికి లేచే ఉంటారు. ఒక్క నిమిషం ఆగండి. మా పాతబస్తీలో, లాల్‌దర్వాజలో గానీ గౌలిపురాలో గానీ అలియాబాద్‌లో గానీ, ఏ నాలుగిళ్లు చూసినా రెండిళ్లకు ఊళ్లో ఎంతో కొంత పొలం ఉంటుంది. అక్కడ బావగారో, మరిదో, తమ్ముడో సాగు చేస్తుంటారు. పండక్కి వెళ్లినప్పుడు కందిపప్పు మూట, చింతపండు, కాసిని జొన్నలు తెచ్చుకుంటాం. ఆ పొలానికి ఒక యంత్రం కొనాల్సి వచ్చిందనుకోండి, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? తొంభై పాళ్లు మన బీరువాలోంచే. కొనేది మగవాళ్లు, చూసేది మగవాళ్లు, బేరమాడేది మగవాళ్లు. మనల్ని అడిగేది తాళంచెవులు మాత్రం.

పైగా పొలం మనది కాదనడానికీ లేదు. 1985 సెప్టెంబరు నుంచే అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో హిందూ ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమానంగా వాటా వచ్చింది. 2005లో కేంద్ర చట్టం పెళ్లయిన కూతుళ్లకూ ఆ హక్కు ఇచ్చింది. వాటా ఉన్నప్పుడు, ఆ పొలంలో తిరిగే బండి సంగతి తెలుసుకోవడంలో తప్పేముంది చెప్పండి? నేను పదో తరగతితో చదువు ఆపినదాన్ని. ఇంజనీరింగు నాకు రాదు. అయితే వంకాయ పుచ్చో కాదో చూసి కొనే మనకు, పాత ట్రాక్టరు పుచ్చో కాదో చూడటం మరీ బ్రహ్మవిద్య ఏమీ కాదని ఈమధ్యే తెలిసింది.

మా పెద్దక్కను తాండూరు దగ్గరి పల్లెకు ఇచ్చారు. తాండూరు కందిపప్పు మీ అందరికీ తెలుసు. 2022లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పప్పు తెలియకపోయినా మీ ఇంట్లో పరిచిన నాపరాయి అయినా తెలుసు, పాతబస్తీ ఇళ్లల్లో సగం తాండూరు, షాబాదు బండలే. అక్కడి భూమే అంత. పైన నల్లరేగడి, కింద బండ. వాన పడితే కాలు దిగబడిపోతుంది, ఎండితే పార కూడా దిగదు. మా బావగారు ఎప్పుడో ప్రభుత్వ వేలంలో రెండు చెయిన్ బండ్లు కొన్నారు. అంటే టైర్లు కాకుండా ఇనుప చెయిన్ల మీద పాకే ట్రాక్టర్లు, ముందు మట్టి నెట్టే రేకు ఉంటుంది. ఆ చుట్టుపక్కల పదూళ్లలో మిట్టపల్లాలు చదును చేయాలన్నా, గట్లు వేయాలన్నా, తుమ్మ మొద్దులు పెకిలించాలన్నా ఆయన బండ్లే. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు అక్క కొడుకు నడిపిస్తున్నాడు. బండ్లూ ముసలివైపోయాయి.

ఈ చెయిన్ బండి ఎలా పుట్టిందో ఒక్క మాట చెప్పాలి, నాకు భలే ఆసక్తిగా అనిపించింది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో స్టాక్టన్ అనే ఊరు. అక్కడి నదీతీరపు భూములు మన కరిగెట మడుల కన్నా మెత్తన. ఆవిరి ట్రాక్టర్ల ఇనుప చక్రాలు కూరుకుపోయేవి. చక్రాలు ఎంత వెడల్పు చేసినా లాభం లేకపోయింది. బెంజమిన్ హోల్ట్ అనే ఆయన చక్రాలు తీసేసి, చెక్క పలకలు గుచ్చిన గొలుసు అమర్చి, 1904 నవంబరు 24న నడిపి చూశాడు. బండి తన దారి తనే పరుచుకుంటూ, మళ్లీ తనే ఎత్తుకుంటూ ముందుకు పోయింది. అది పాకే తీరు చూసి ఒక ఫొటోగ్రాఫరు గొంగళిపురుగులా ఉందన్నాడట. ఇంగ్లీషులో గొంగళిపురుగును క్యాటర్‌పిల్లర్ అంటారు కదా, ఆ పేరే స్థిరపడి 1925లో కంపెనీ పేరు కూడా అయింది.

మన దేశానికి ఇవి ఎక్కువగా వచ్చింది యుద్ధం తర్వాత. అమెరికా సైన్యం వదిలేసి వెళ్లిన యంత్రాలతో 1947లో కేంద్ర ట్రాక్టరు సంస్థ మొదలైంది. మధ్యభారతంలో లక్షల ఎకరాలు కాన్సు గడ్డి పట్టి బీడు పడి ఉండేవి. కాన్సు అంటే మన రెల్లుగడ్డే. చూడటానికి తెల్లటి పూలతో ముచ్చటగా ఉంటుంది గానీ, దాని వేళ్లు లోతుగా పాతుకుని ఎడ్ల నాగలికి లొంగవు. ఆ భూములు దున్నే యంత్రాల కోసమే 1949లో ప్రపంచబ్యాంకు మనకు కోటి డాలర్ల అప్పు ఇచ్చింది. 1956లో రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్ ఎడారిలో పెద్ద సర్కారీ వ్యవసాయక్షేత్రం పెట్టినప్పుడు యంత్రాలను సోవియట్ రష్యా బహుమతిగా పంపింది. 1964లో బెంగుళూరులో మన ప్రభుత్వమే భారత్ ఎర్త్ మూవర్స్ సంస్థ పెట్టి చెయిన్ బండ్లు ఇక్కడే తయారు చేయించింది. అలా డిపార్టుమెంట్లలో పనిచేసి, వేలానికి వచ్చి, మా బావలాంటి వాళ్ల దొడ్లోకి చేరాయన్నమాట.

ఇక అక్క సంగతి. దసరా సెలవులకు వెళ్తే ఆమె నోటుపుస్తకం ముందు పెట్టింది. మా అక్కకు లెక్క రాయడం పాలవాడి ఖాతా దగ్గర నుంచి అలవాటు. కిందటి ఏడాది రెండు బండ్లూ కలిసి తెచ్చిన కిరాయి రెండు లక్షల డెబ్బై వేలు. డీజిలుకు లక్షా ముప్ఫై వేలు. డ్రైవరుకు అరవై వేలు. రిపేర్లకు లక్షా పదిహేను వేలు. మీరే కూడండి. మూడు లక్షల అయిదు వేలు! ముప్ఫై అయిదు వేలు ఎదురు పెట్టి మరీ ఊరివాళ్ల భూములు చదును చేసిపెట్టినట్టు.

ఆ రిపేర్లలో డెబ్బై వేలు ఒక్క చెయిన్లకే. చెయిన్ బండికి రోగమంతా కాళ్లలోనే ఉంటుంది. పిన్నులు, బుష్షులు, రోలర్లు, పళ్లచక్రం ఒకదాన్నొకటి అరగదీస్తూ ఉంటాయి. ఒకటి మారిస్తే సరిపోదు, కొత్త చెయిను వేస్తే అరిగిన పళ్లచక్రం దాన్నీ తినేస్తుంది. చెయిన్ బండి నిర్వహణ ఖర్చులో దాదాపు సగం ఈ కింది భాగానిదే అని తెలిసినవాళ్లు చెబుతారు. అందులోనూ తాండూరు బండ నేల మీద నడిస్తే వేరే ఆకురాయి అక్కర్లేదు. మరో కష్టం, ఇది రోడ్డు మీద నడవకూడదు. తారు లేచిపోతుంది. పక్క ఊరికి వెళ్లాలన్నా లారీ మాట్లాడాలి. ఆ లారీ కిరాయి ఎవరిస్తారు? ఈలోగా ప్రొక్లెయినర్లు, జేసీబీలు ఊరూరా వచ్చేశాయి. 2015లో చెరువుల పూడికతీత పనులు మొదలయ్యాక మరీను. వారం పట్టే పని అవి రెండు రోజుల్లో చేసి పోతున్నాయి.

కాబట్టి ట్రాక్టరు కొనాలని అందరూ ఒప్పుకున్నారు. ఏ ట్రాక్టరు అన్న దగ్గరే ఇల్లు రెండయింది. మావాడు సెకండ్‌హ్యాండ్‌లో డెబ్బై అయిదు హార్స్‌పవర్‌ది, నాలుగు చక్రాలూ లాగేది చూసి వచ్చాడు. ఎనిమిదిన్నర లక్షలు. వాళ్లమ్మ ఐదు తులాల హారం అమ్మి, తక్కువ పడే మూడు లక్షలు ఫైనాన్సులో తెద్దామన్నాడు. మరి చెయిన్ బండ్లు? "అవి నాన్నవి, అమ్మేది లేదు" అన్నాడు. అక్క హారం గురించి ఒక్క మాట అనలేదు. రాత్రి భోజనాలయ్యాక వంటింట్లో అంట్లు సర్దుతూ నాతో అంది, "చెల్లే, బావ చెయ్యి పడ్డ బండ్లని వాడికి ఎంత ప్రేమో నాకూ అంతే. కానీ ఆ హారం కోడలికని దాచిన. అది పోయినంక ఈ బండి కూడ కూలవడితే నా దగ్గర ఇంకేముంటది?"

నేను పట్నం వచ్చి మా గల్లీ ఉస్తాద్‌ను అడిగాను. డెబ్బై దాటిన మనిషి. నలభై ఏళ్లు డీజిలు ఇంజన్లు బాగుచేసి, ఇప్పుడు మనవడికి షెడ్డు అప్పగించి అరుగు మీద కూర్చుంటారు. మావాణ్ణి పిలిపించి ఆయన ముందు కూర్చోబెట్టాను.

"ఇంత పెద్దదెందుకు బేటా?" అన్నారాయన.

"చెయిన్ బండి గుంజినట్టు గుంజాలె కద ఉస్తాద్, టైర్ల బండికి అంత పట్టు ఉండది."

వాడన్నది అబద్ధం కాదు. చెయిను నేలను చాలా మేర కరిచిపట్టుకుంటుంది. ఇంజను బలంలో నాలుగింట మూడు వంతులు గుంజుడుకు అందుతుంది. రెండు చక్రాలు లాగే టైరు ట్రాక్టరు పొలంలో కాస్త జారుతూ పోతుంది. బలంలో సగానికి కొంచెం పైన మాత్రమే అందుతుంది. జారడం కూడా నూటికి పదీ పదిహేను పాళ్ల దాకా మామూలే. అందుకే టైర్లలో నీళ్లు నింపడం, ఇనుప బిళ్లలు తగిలించడం. అదే పని టైర్లతో చేయించాలంటే పెద్ద బండి కావాలన్నది సరైన లెక్కే.

ఉస్తాద్ నవ్వారు. "గుంజుడు సంగతి తర్వాత. అసలు గుంజే కామ్ ఏముంది మీ దగ్గర? అది చెప్పు ముందు."

ఇదండీ అసలు ప్రశ్న. ఇంటికి గ్రైండరు కొనేటప్పుడు ఊరంతటికీ పిండి రుబ్బేది కొంటామా? అక్కావాళ్లకు పద్నాలుగు ఎకరాలు. పదకొండు ఎకరాలు కంది, పెసర, జొన్న. బోరు కింద మూడెకరాలు వరి. అంటే గొర్రు తోలడం, రోటవేటరు వేయడం, మూడెకరాల కరిగెట, కంది కొట్టే మిషను తిప్పడం, ట్రాలీలో మార్కెట్టుకు తీసుకెళ్లడం, ఖాళీ ఉన్నప్పుడు పక్కవాళ్లకు కిరాయి దున్నడం. భూమి చదును చేసే పని వాళ్ల చేతుల్లోంచి ఎప్పుడో జేసీబీలకు పోయింది. చెయిన్ బండి చేసిన పనిని కొత్త బండి చేయాలా, ఇప్పుడు మిగిలిన పనిని చేయాలా? మిగిలిన పనికి నలభై అయిదు, యాభై హార్స్‌పవర్ నిండా సరిపోతుంది. పెద్ద బండి రేగడి చేలో తడి మీద దిగితే నేలను గట్టిగా అణగ్గొడుతుంది కూడాను, తర్వాత కంది వేరు దిగదు. ఎకరాల కొద్దీ వరి కరిగెట ఉన్నవాళ్లకు నాలుగు చక్రాలు లాగే బండి మంచిదే. కానీ పాతదాంట్లో ముందు ఇరుసు గేర్లు పాడైతే ఆ ఖర్చు వేరే. మూడెకరాల కోసం దాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు.

ఇంకో సంగతి ఉస్తాద్ చెప్పారు. మధ్యప్రదేశ్‌లోని బుధ్నీలో 1955 నుంచి, మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలో 1983 నుంచి కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థలు ఉన్నాయి. బుధ్నీలో ట్రాక్టరు రకాలను పరీక్షించి నివేదిక ఇస్తారు. బానెట్టు మీద రాసిన హార్స్‌పవర్ ఒకటి, వెనక యంత్రాలు తిప్పే ఇరుసు దగ్గర అందేది ఒకటి. గంటకు ఎంత డీజిలు తాగుతుందో, ఎంత బరువు లేపుతుందో కూడా ఆ నివేదికల్లో ఉంటుంది. అమ్మేవాడి మాట కన్నా అది నయం.

సరే, దీపావళి వెళ్లాక చూడటానికి బయల్దేరాం. మావాడు, నేను, ఉస్తాద్, వెనక సీట్లో అక్క. ఆడవాళ్లు ఇద్దరు ట్రాక్టరు చూడటానికి రావడం అక్కడివాళ్లకు సినిమాలా ఉంది. కుర్చీలు వేసి చాయ్ తెప్పించారు, మాటలు మాత్రం మావాడితోనే.

మొదటిది ఒక దళారి దగ్గర. కొత్త పెళ్లికూతురిలా మెరిసిపోతోంది. ఉస్తాద్ తాళం అడగలేదు, ముందు ఇంజను మీద చెయ్యి పెట్టారు. వేడిగా ఉంది. అంటే మేం వచ్చేలోపే స్టార్టు చేసి పెట్టారన్నమాట. పాత ఇంజను అసలు గుణం పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు తెలుస్తుంది. ఒక్క తిప్పుకు అందుకుందా, పది సార్లు మూలిగిందా అన్నది వేడి ఇంజనులో కనపడదు. తర్వాత ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీశారు. ఇడ్లీపాత్ర మూత తీస్తే ఆవిరి కొట్టినట్టు గుప్పుగుప్పున పొగ. లోపల పిస్టను రింగులు అరిగిపోయాయట. అక్క నా చెవిలో "ఇది మన కుక్కరు గాస్కెట్టు లెక్కనే ఉంది" అంది. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

పొగ గొట్టం చూసి కూడా చాలా తెలుసుకోవచ్చు. నీలిపొగ వస్తే ఇంజను ఆయిలు కాలిపోతోందన్నమాట. నల్లపొగ ఆగకుండా వస్తే డీజిలు సరిగ్గా కాలడం లేదు, గాలి జల్లెడో, డీజిలు పంపో, నాజిళ్లో చూడాలి. అది కొంత బాగయ్యే జబ్బే. తెల్లపొగ చలికి మొదట్లో కాస్త వస్తే ఫర్వాలేదు, వేడెక్కాక కూడా వస్తుంటే అనుమానించాలి. ఆయిలు పుల్ల తీసి చూస్తే నల్లగా ఉండటం మామూలే. పాలు కలిపిన చాయ్ రంగులో ఉంటే మాత్రం లోపలికి నీళ్లు చేరుతున్నాయని అర్థం. అప్పుడిక బేరం కూడా ఆడొద్దు.

రెండోదానికి మీటరు మీద గంటలు చాలా తక్కువ చూపించింది. మావాడు మురిసిపోయాడు. ట్రాక్టరుకు కిలోమీటర్లు కాదు, పనిచేసిన గంటలు లెక్క. మామూలుగా పదేళ్లు, పదివేల గంటలు దాని ఆయుష్షుగా లెక్క వేస్తారు. ఉస్తాద్ మీటరు వైపు చూడనే లేదు. క్లచ్చి పెడలు మీది రబ్బరు చూపించారు. నున్నగా అరిగి కింద ఇనుము కనపడుతోంది. వెనక ట్రాలీ తగిలించే కొక్కెం రంధ్రం గుండ్రంగా ఉండాల్సింది గుడ్డులా సాగింది. గొర్రు తగిలించే చేతులు మాత్రం రంగు కూడా పోకుండా ఉన్నాయి. అంటే ఇది చేను ముఖమే చూడలేదు, కాగ్నా వాగు నుంచి ఇసుక మోసిన బండి. ఇసుక బండికి క్లచ్చి, గేర్లు, వెనక ఇరుసు నలిగిపోయి ఉంటాయి. గిన్నె అడుగు చూసి ఎన్నేళ్లు పొయ్యి మీద ఉందో మనం చెప్పగలం. అలాగే ఇదీ. మీటరు మార్చవచ్చు, అరుగుదల మార్చలేరు.

మూడోది ఒక రైతుది. 2017లో కొన్నది. కొడుకు పట్నంలో ఉద్యోగం చేస్తున్నాడు, చేను కౌలుకు ఇచ్చేస్తున్నారు. రంగు వెలిసింది, సీటు చిరిగింది. ఇంజను చల్లగా ఉంది. ఒక్క తిప్పుకు లేచింది. ఉస్తాద్ గంటన్నర చూశారు. బ్రేకు తొక్కిపెట్టి, పెద్ద గేరు వేసి, క్లచ్చి మెల్లగా వదిలారు. ఇంజను ఆగిపోయింది. ఆగిపోవాలట, ఆగకుండా గుర్రుమంటుంటే క్లచ్చి జారుతున్నట్టు. గొర్రు తగిలించి పైకి లేపి, ఇంజను ఆపేసి, "చాయ్ తాగుదాం" అన్నారు. చాయ్ అయ్యేసరికి గొర్రు జానెడు కిందికి దిగింది. హైడ్రాలిక్కులో సీళ్లు పోయాయి, మార్చుకోవాలి. ముందు చక్రాలు పైకెత్తి ఊపితే కొంచెం ఆట ఉంది. వెనక టైర్లు బాగున్నాయి, ముందువి మార్చాలి. చేలో దున్నించి, ఉన్నట్టుండి వేగం తగ్గించి చూశారు, గేరు జారి బయటికి రాలేదు. చివరికి ఆ రైతు ఇంటావిడ లోపలి నుంచి ఒక డైరీ తెచ్చి ఇచ్చింది. ఎప్పుడు ఆయిలు మార్చారో, ఎప్పుడు ఫిల్టరు మార్చారో తేదీలతో సహా ఆమే రాసింది. అక్క ఆ డైరీ చూసి, ఇక మిగతా ఏదీ చూడక్కర్లేదన్నట్టు కొంగు నడుముకు దోపింది.

ఏ కంపెనీది అని అడగకండి, రేడియోలో చెప్పకూడదు. చెప్పినా ఉపయోగం లేదు. మన జహీరాబాద్‌లోనే ట్రాక్టర్లు తయారవుతున్నాయి, బయటివీ బోలెడు. మీ ఊరికి దగ్గరగా ఏ రకానికి సామాను దొరుకుతుందో, ఏ రకం తెలిసిన మేస్త్రీ ఉన్నాడో అదే మీకు మంచి రకం. చెయిన్ బండి రోలరు కోసం బావ రాణీగంజ్ అంతా తిరిగి, అక్కడ లేకపోతే జుమ్మేరాత్ బజారులో పాత ఇనుము గుట్టల్లో వెతికిన రోజులు అక్కకు గుర్తే.

బేరానికి ముందు ఒక పని చేయండి. కొత్తదాని ధర కనుక్కోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను కాక ఏడు లక్షల బండి అయితే అక్కడే 49 వేలు తేడా. కొత్తది తగ్గితే పాతది కూడా తగ్గాలి కదా? ఆ రైతు నాలుగు లక్షల ఎనభై వేలు చెప్పాడు. సీళ్లు, ముందు టైర్లు, ఇరుసు పని కాగితం మీద రాసి చూపించి నాలుగు లక్షల ఇరవై అయిదు వేలకు తెంపారు. ఆ ఆఖరి పదిహేను వేలు తెంపింది మా అక్కే సుమండీ.

అప్పు గురించి. మావాడు ముందు చూసిన బండికి ఫైనాన్సు ఏజెంటు "పన్నెండు శాతం ఫ్లాటు" అన్నాడు. వినడానికి సొంపుగానే ఉంది. మూడు లక్షలకు ఏడాదికి ముప్ఫై ఆరు వేలు చొప్పున మూడేళ్లకు లక్షా ఎనిమిది వేలు వడ్డీ. నెలకు 11,333 రూపాయలు కిస్తీ. కానీ నెలనెలా అసలు తీరుతూనే ఉంటుంది కదా! సగం అసలు తీరిపోయాక కూడా వడ్డీ మొత్తం మూడు లక్షల మీదే కడుతున్నాం. తగ్గే బాకీ మీద లెక్క వేస్తే అది 21 శాతం పైమాటే. "ఫ్లాటా, తగ్గే బాకీ మీదా?" అని ఈ ఒక్క ప్రశ్న నేర్చుకోండి. ట్రాక్టరుకే కాదు, ఫ్రిజ్జు వాయిదాలకూ పనికొస్తుంది.

కాగితాల సంగతి మగవాళ్లు చివర్లో చూస్తారు, మనం ముందు చూడాలి. ఆర్.సి. మీద ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద ఉన్నవాటితో కలవాలి. పిల్లలు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దుతారు చూడండి, అలాగే రుద్ది అచ్చు తీసుకోండి. చెరిపి కొట్టిన నంబరైతే ఆ అచ్చులోనే బయటపడుతుంది. ఆర్.సి. గడువు పదిహేనేళ్లు, తర్వాత మళ్లీ చేయించాలి. దాని మీద బ్యాంకు పేరు ఉంటే, బాకీ తీరినట్టు బ్యాంకు ఉత్తరం, 35 నంబరు ఫారం లేనిదే రూపాయి ఇవ్వొద్దు. పేరు మార్పుకు 29, 30 నంబరు ఫారాలు కావాలి. వేరే చోట రిజిస్టరైన బండయితే 28 నంబరు ఫారంలో నిరభ్యంతర పత్రం కూడా. ట్రాలీకి ఆర్.సి. వేరే ఉంటుంది, అది అడగడం చాలామంది మర్చిపోతారు. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు పద్నాలుగు రోజుల్లో, కొన్నవారు ముప్ఫై రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. ఇన్సూరెన్సు కూడా వెంటనే మన పేరుకు మార్పించుకోవాలి. "సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలున్నాయి, ఎప్పుడైనా మార్చుకోండి" అంటారు. మార్చకపోతే ఏమవుతుంది? రేపు ఆ బండి ఎవరినైనా గుద్దితే రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో వారిదే బాధ్యత అని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కాబట్టి అమ్మినవారికీ నిద్ర పట్టదు. అక్క ట్రాక్టరును తన పేరునే రిజిస్టరు చేయించింది. మావాడు ముఖం కొంచెం చిన్నబుచ్చుకున్నాడు గానీ ఏమీ అనలేదు.

ఇంకొక్క విషయం, ఇది మాత్రం శ్రద్ధగా వినండి. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలికి వెళ్తున్నవాళ్ల ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిహేను మంది పోయారు. దాదాపు అందరూ ఆడవాళ్లే. మన ఇళ్ల పక్క నుంచి పారే మూసీ నీళ్లే ఆ కాలువలో. ట్రాలీ సామాను మోయడానికి చేసిన బండి, మనుషులను మోయడానికి కాదు. ట్రాక్టరుకు కుడి చక్రానికో బ్రేకు పెడలు, ఎడమ చక్రానికో పెడలు ఉంటాయి, చేలో మలుపు తిప్పడానికి. రోడ్డెక్కే ముందు ఆ రెండింటినీ కలిపే కొక్కెం వేయాలి. వేయకుండా వేగంలో ఒక్కటే తొక్కితే బండి గిర్రున తిరిగి పల్టీ కొడుతుంది. పాత బండ్లలో ఆ కొక్కెం ఊడిపోయి ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. రెండోది, వెనక తిరిగే ఇరుసు. నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. దాని మీద తొడుగు లేకపోతే చీర కొంగు గానీ, చున్నీ గానీ, జడ గానీ తగిలితే రెప్పపాటులో మనిషిని లాగేస్తుంది. కంది కొట్టేటప్పుడు మిషను దగ్గర నిలబడేది ఎవరు? ఆడకూలీలే. అక్క కొన్న బండికి ఆ తొడుగు లేదు, కొక్కెం వంగిపోయి ఉంది. సీళ్ల కన్నా ముందు ఉస్తాద్ మనవడి చేత ఆ రెండూ వేయించాం. ఖర్చు చీర కొన్నంత కూడా కాలేదు.

ఇక డబ్బు ఎలా కుదిరిందంటారా? నడిచే చెయిన్ బండిని ఒక నాపరాయి గనివాళ్లు రెండు లక్షల నలభై వేలకు తీసుకున్నారు. వాళ్లకు రోడ్డెక్కే పని లేదు, గనిలోనే తిప్పుకుంటారు. రెండోది ఎప్పుడో మూలపడింది, తూకానికి లక్షా అరవై వేలు వచ్చింది. ట్రాక్టరుకు, రిపేరుకు, కాగితాలకు, పాత ట్రాలీకి, గొర్రుకు అన్నీ కలిపి తక్కువపడిన దాంట్లో లక్షన్నర అక్క తన మహిళా సంఘం నుంచి తీసుకుంది. మిగిలింది పెసళ్ల డబ్బు.

తూకం బండిని గ్యాసుతో ముక్కలు కోసిన రోజు అక్క బయటికి రాలేదు. వంటింట్లో కూర్చుని కంది కాయలు ఒలుస్తూ ఉండిపోయింది. మావాడే దగ్గరుండి చూసుకుని, సాయంత్రం ఒక్క చెయిన్ పలక మాత్రం కడిగి తెచ్చి బావి దగ్గర బట్టలుతికే చోట వేశాడు. పక్కన ఇద్దరు నిలబడేంత వెడల్పుంది. జారకుండా బాగుందని అక్క అంటోంది.

నోటుపుస్తకం ఇప్పుడు మావాడే రాస్తున్నాడు. కంది కోతలు, యాసంగి కరిగెట కలిసి వచ్చిన రెండు నెలల్లో డీజిలు, డ్రైవరు పోను నలభై ఒక్క వేలు మిగిలాయని మొన్న ఫోను చేశాడు. డ్రైవరు జీతం కూడా ఎందుకు, వచ్చే సీజనుకు నేనే తోలుతా చిన్నమ్మా అన్నాడు. గార్లదిన్నెలో శిక్షణ ఎప్పుడెప్పుడు ఉంటుందో కనుక్కోమని నాకు పని అప్పజెప్పాడు.